తీగచక్రం పునర్నిర్మాణం: పాత మోటారుసైకిలు చక్రం ఒక చారిత్రకాధారంగా

వ్యాససంగ్రహం:
పాత మోటారుసైకిళ్ల పునరుద్ధరణలో తీగచక్రం ఒక విలక్షణమైన సమస్య. ఇంజను సంఖ్యనూ ఛాసిస్ సంఖ్యనూ ఆధారాలుగా గుర్తించే సేకర్తలు చక్రాన్ని మాత్రం అరిగితే మార్చదగిన సామగ్రిగానే చూస్తారు. చట్టం దృష్టి కూడా దీనికి భిన్నంగా లేదు. అయితే రిమ్ము మీది ముద్రలు, పూతల పొరలు, స్పోకుల అల్లిక ఆ వాహనం ఎక్కడ తయారైందో, ఎవరి చేతులలో నలిగిందో చెప్పగల ఆధారాలు. మద్రాసులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను ప్రధానోదాహరణగా గ్రహించి, తీగచక్రం పుట్టుకనూ, దానిని విప్పి తిరిగి కట్టే విధానాన్నీ, మెరుగు పెట్టే పనిలో చెరిగిపోయే చరిత్రనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: తీగచక్రం, స్పోకు, రిమ్ము, క్రోమియం పూత, పునరుద్ధరణ, బుల్లెట్, వృత్తిపదాలు

ఆకు నుండి చువ్వకు

తెలుగులో ఎడ్లబండి చక్రానికి ఆకులుంటాయి. సైకిలు చక్రానికి ఆకులున్నాయని ఎవరూ అనరు. చువ్వలనో, పుల్లలనో, స్పోకులనో అంటారు. ఇంగ్లీషు రెండింటికీ స్పోకు అనే ఒకే మాటతో సరిపెట్టుకొంది. తెలుగు వాడుకలోని ఈ తేడాను ఎవరూ ఆలోచించి ఏర్పరచలేదు. కొత్త వస్తువుతో పాటు కొత్త మాట వచ్చింది, అంతే. కాని యంత్రశాస్త్రం దృష్టితో చూస్తే ఈ విభజన సరైనది. బండి ఆకు, సైకిలు చువ్వ చూపుకు ఒకే పని చేస్తున్నట్లున్నా, బరువును మోసే తీరులో అవి పరస్పర విరుద్ధమైనవి.

కొయ్యచక్రంలో బరువు ఇరుసు నుండి నాభిలోకి, నాభి నుండి అడుగునున్న ఆకులోకి, అక్కడి నుండి నేమి ద్వారా నేలకు దిగుతుంది. ఆకు ఒక చిన్న స్తంభం. కాల్చిన ఇనుప పట్టాను చక్రం చుట్టూ తొడిగి నీళ్లు పోసినప్పుడు పట్టా కుంచించుకొని నేమినీ, ఆకులనూ, నాభినీ ఒకదానిలోకి ఒకటి బిగిస్తుంది. ఈ నిర్మాణమంతా నొక్కుడు మీద ఆధారపడింది. సన్నని ఉక్కుతీగ నొక్కుడును భరించలేదు, వెంటనే వంగిపోతుంది. దాన్ని లాగితే మాత్రం తన బరువుకు ఎన్నో రెట్ల బలాన్ని తట్టుకొంటుంది. కనుక తీగతో చక్రం కట్టాలంటే ప్రతి తీగనూ ముందే బిగించి లాగి ఉంచాలి. ఈ బిగువు సడలితే చక్రం చక్రంగా నిలవదు.

ఈ ఆలోచనను జార్జి కేలీ 1808లోనే తన ఎగిరే యంత్రాల కోసం తేలికైన చక్రం కావలసి వచ్చినప్పుడు రాసుకొన్నాడు. 1826లో థియోడర్ జోన్స్ లాగుడు మీద నిలిచే ఇనుప చక్రానికి ఇంగ్లండులో పేటెంటు పొందాడు. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ సైకిలుకు తీగచక్రం పేటెంటు తీసుకొన్నాడు. కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ 1870లో ఏరియల్ సైకిలును రూపొందించారు. ఇంతవరకు తీగలు నాభి నుండి రిమ్ముకు సూటిగా, సూర్యకిరణాల వలె సాగేవి. అటువంటి తీగలు బరువును మోస్తాయిగాని నాభి తిరిగితే ఆ తిప్పుడును రిమ్ముకు అందించలేవు. నాభి కొంత తిరిగి, తీగలు ఏటవాలుగా సాగిన తరువాతగాని రిమ్ము కదలదు. 1874లో స్టార్లీ తీగలను నాభి అంచుకు స్పర్శరేఖలుగా, ఒకదాన్నొకటి దాటేటట్లు అల్లాడు. సగం తీగలు తిప్పుడును ముందుకు లాగుతాయి. తక్కిన సగం ఎదురు దిశలో, అంటే బ్రేకు వేసినప్పుడు పని చేస్తాయి. నేటికీ మోటారుసైకిలు తీగచక్రం ఈ అల్లికనే అనుసరిస్తోంది.

ఇంజను కలిగిన మొదటి ద్విచక్ర వాహనాలలో ఒకటిగా పేర్కొనే డైమ్లర్ రైట్‌వాగన్ 1885లో కొయ్యచక్రాలతోనే నడిచింది. మోటారుసైకిలు బండి వారసత్వాన్ని వదిలి సైకిలు వారసత్వంలోకి రావడానికి మరికొంత కాలం పట్టింది. 1888లో డన్‌లప్ గాలి టైరు, 1890లో వెల్చ్ రూపొందించిన తీగ అంచు టైరు ఈ మార్పును స్థిరపరచాయి.

ఈ క్రమంలో రెడిచ్ పట్టణం ప్రస్తావన అవసరం. ఇంగ్లండులో సూదుల తయారీకి పేరు పడిన ఊరది. రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు మూలమైన జార్జి టౌన్‌సెండ్ సంస్థ అక్కడి సూదుల వ్యాపారం నుండి పుట్టింది. తీగను సాగదీయడం, చివర తలకట్టడం, నిటారుగా సరిచేయడం తెలిసిన ఊరు సైకిళ్ల వైపు, అక్కడి నుండి 1901లో మోటారుసైకిళ్ల వైపు నడవడంలో ఆశ్చర్యపడవలసింది లేదు.

మద్రాసు బుల్లెట్, సైకిలు దుకాణం

1955లో మద్రాసు మోటార్స్, రెడిచ్ సంస్థ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. ఆరంభంలో ఇంగ్లండు నుండి విడిభాగాలు రాగా తిరువొత్తియూరులో కూర్చేవారు. క్రమంగా భాగాల తయారీ కూడా ఇక్కడికే వచ్చింది. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది, మద్రాసు కొనసాగింది. ఫలితంగా, పుట్టిన దేశంలో పాతవస్తువుగా మారిన నమూనా ఈ దేశంలో రోజువారీ వాహనంగా దశాబ్దాల పాటు నిలిచింది. 19 అంగుళాల రిమ్ము, 40 స్పోకులు, క్రోమియం పూత అనే బుల్లెట్ చక్రం రూపం కూడా పెద్దగా మారలేదు.

ఈ నిలకడకు కర్మాగారం ఎంత కారణమో, వీధి చివరి సైకిలు దుకాణం అంత కారణం. డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’లో సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, బియ్యపు మిల్లు వంటి చిన్న యంత్రాలు వలసకాలపు భారతదేశంలో ఎలా వేళ్లూనుకొన్నాయో చర్చించాడు. మోటారుసైకిలు పల్లెలకు చేరడానికి ఎంతో ముందే తీగచక్రాన్ని విప్పి కట్టగల చేతులు ఊరూరా తయారై ఉన్నాయి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, తరువాతి దశాబ్దంలో లూధియానా పరిశ్రమలు సైకిలు రిమ్ములనూ చువ్వలనూ దేశంలోనే సమృద్ధిగా అందించడంతో ఆ చేతులకు సామగ్రి కొరత తీరింది. సైకిలు చక్రానికి బెండు తీయడం నేర్చినవాడు బుల్లెట్ చక్రానికీ తీయగలడు. చువ్వ మందం, బిగువు మాత్రమే మారతాయి, సూత్రం మారదు.

డేవిడ్ ఎడ్జర్టన్ ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’లో సాంకేతిక చరిత్ర ఆవిష్కరణల చుట్టూ తిరిగి, వాడకాన్నీ మరమ్మతునూ విస్మరించిందని విమర్శించాడు. బుల్లెట్ చక్రం విషయంలో ఆ విమర్శ అక్షరాలా సరిపోతుంది. స్టార్లీ పేరు అన్ని గ్రంథాలలో ఉంది. అతని అల్లికను లక్షలసార్లు తిరిగి అల్లినవారి ప్రస్తావన ఎక్కడోగాని కనిపించదు.

విప్పడం, కట్టడం

పాత చక్రాన్ని పునర్నిర్మించే పని కొలతలతో మొదలవుతుంది. నాభితో పోల్చినప్పుడు రిమ్ము ఏ పక్కకు ఎంత జరిగి ఉందో విప్పకముందే కొలిచి రాసుకోవాలి. ముందు చక్రం, వెనుక చక్రం ఒకే గీతపై నడవాలంటే ఈ కొలతే ఆధారం. ఒకసారి స్పోకులు కోసేసిన తరువాత దానిని చక్రం నుండి తెలుసుకొనే మార్గం లేదు. తరువాత అల్లికను నమోదు చేయాలి. ఏ చువ్వ తల నాభి అంచుకు లోపలి వైపున ఉంది, ఏది వెలుపల ఉంది, ఒక చువ్వ ఎన్ని చువ్వలను దాటుతోంది, వాల్వు రంధ్రం ఏ రెండు చువ్వల నడుమ ఉంది అనేవి గమనించవలసిన అంశాలు. అనుభవజ్ఞులు దీనిని కంటితోనే గుర్తుంచుకొంటారు. కొత్తవారు ఫొటో తీసుకొంటారు.

బ్రేకు డ్రమ్ము ఒక పక్కన ఉన్న నాభిలో ఆ వైపు అంచు వ్యాసం పెద్దది కనుక ఆ వైపు చువ్వలు పొట్టివి. రెండో వైపువి పొడుగు. రిమ్ముకు వేసిన రంధ్రాలు కూడా నిటారుగా ఉండవు. ప్రతి రంధ్రమూ తనకు చెందిన నాభి అంచు వైపు, చువ్వ వచ్చే కోణంలో వంచి పొడిచి ఉంటుంది. అందుచేత 40 రంధ్రాలున్న ప్రతి 19 అంగుళాల రిమ్మూ ప్రతి నాభికీ పనికిరాదు. తప్పుడు రిమ్ము దొరికితే చువ్వ నిప్పిల్ దగ్గర మెడ వంచుకొని నిలుస్తుంది. ఆ వంపు దగ్గరే కొంతకాలానికి తెగుతుంది. చక్రంలో పదే పదే ఒకే చోట చువ్వలు తెగిన గుర్తులుంటే అది దారి గతుకుల వలన కాక, ఎన్నడో జరిగిన రిమ్ము మార్పిడి వలన కావచ్చు. ఈ విధంగా చక్రం తన చరిత్రను తానే నమోదు చేసుకొంటుంది.

తుప్పు పట్టిన నిప్పిళ్లు సాధారణంగా తిరగవు. చమురు పోసి, వేడి చేసి ప్రయత్నించినా కొన్నింటిని కోయక తప్పదు. కొత్త చువ్వల మందాన్ని గేజిలలో చెప్తారు. 10 గేజి 3.25 మిల్లీమీటర్లు, 8 గేజి 4.06 మిల్లీమీటర్లు. సంఖ్య తగ్గేకొద్దీ తీగ లావవుతుందనే ఈ లెక్క తీగను రంధ్రాల గుండా ఎన్నిమార్లు లాగారనే పాత పద్ధతి నుండి వచ్చింది. కొన్ని చువ్వలు నాభి దగ్గర లావుగా, మిగిలిన పొడవునా సన్నగా ఉంటాయి. సన్నని భాగం కొంచెం సాగి కుదుపును పంచుకొంటుంది కనుక మొత్తం లావుగా ఉన్న చువ్వ కంటే ఇది ఎక్కువ కాలం మన్నుతుంది. లావుగా ఉన్నదే బలమైనదనే నమ్మకంతో వీటి స్థానంలో ఏకమందం చువ్వలు వేయడం తరచుగా జరిగే పొరపాటు.

చువ్వలన్నీ అల్లి, నిప్పిళ్లను ఒకే మేరకు బిగించిన తరువాత చక్రాన్ని ఇరుసుపై నిలిపి తిప్పుతారు. రెండు దోషాలను సరిచేయాలి. రిమ్ము పైకీ కిందికీ ఎగుడుదిగుడుగా తిరగడం ఒకటి, పక్కలకు ఊగడం మరొకటి. మొదట ఎగుడుదిగుడు, తరువాత ఊగుడు సరిచేసి, మళ్లీ మొదటిదాన్ని చూడాలి. ఒకటి సరిచేస్తే రెండోది కొంత చెడుతుంది. ఎడమకు లాగాలంటే ఎడమ చువ్వను బిగించి, దాని పక్కనున్న కుడి చువ్వను అంతే సడలించాలి. నిప్పిల్‌ను పావు తిప్పు, అరతిప్పు చొప్పున కదిపే ఈ పనిలో తొందర పనికిరాదు. డయల్ గేజి ఉన్నచోట దానితో చూస్తారు. లేనిచోట ఫోర్కుకు ఆనించి పట్టుకొన్న సుద్దముక్క రిమ్ముకు ఎక్కడ తగులుతుందో చూస్తారు. చివరకు చిన్న స్పానరుతో ఒక్కొక్క చువ్వనూ మీటి వింటారు. బిగువు సమంగా ఉన్న ఒకే వైపు చువ్వలు దాదాపు ఒకే స్వరం పలుకుతాయి. మందకొడిగా మోగినది వదులుగా ఉన్నట్లు. నిప్పిల్ దాటి పొడుచుకు వచ్చిన చువ్వ కొనలను అరగదీయకపోతే అవి ట్యూబును పొడుస్తాయి. ఇది చెప్పడానికి చిన్న విషయమే గాని, వేగంగా వెళ్లే బండి ముందు చక్రంలో చిన్న విషయం కాదు.

బిగువు ఎందుకింత ముఖ్యమనే ప్రశ్నకు జాబ్స్ట్ బ్రాండ్ట్ 1981లో వెలువరించిన ‘ది బైసికిల్ వీల్’లో చక్కని వివరణ ఉంది. నాభి పైచువ్వల నుండి వేలాడుతోందని సాధారణ భావన. నిజానికి బరువు పడినప్పుడు పైచువ్వలలో లాగుడు దాదాపు మారదు. నేలకు దగ్గరగా ఉన్న కొన్ని చువ్వలలో మాత్రం ముందున్న లాగుడు తగ్గుతుంది. ఆ తగ్గుదలే బరువును మోయడం. అడుగు చువ్వలోని బిగువు పూర్తిగా హరించుకుపోతే అది వదులై, మరుక్షణం మళ్లీ బిగిసి, ఇలా వేలసార్లు జరిగి అలసి తెగుతుంది. కొయ్య ఆకుకూ ఉక్కు చువ్వకూ మధ్య మొదట చెప్పిన వైరుధ్యం ఇక్కడ ఊహించని మలుపు తిరుగుతుంది. చక్రం చివరకు తన అడుగు చువ్వల మీదనే నిలుస్తోంది. కాకపోతే నొక్కుడును భరించి కాదు, లాగుడును కోల్పోయి.

మెరుగు కింద పోయేది

పునర్నిర్మాణం కంటే పునర్లేపనం చరిత్రకారుణ్ణి ఎక్కువ ఆందోళనపరచవలసిన పని. 1920ల చివరి వరకు మోటారుసైకిలు రిమ్ములకు నికెల్ పూత గాని, కొలిమిలో కాల్చిన నల్లరంగు గాని వేసేవారు. ఆ దశాబ్దం చివర క్రోమియం వచ్చింది. క్రోమియం పూత అనబడేదానిలో క్రోమియం ఒక మైక్రానుకు లోపే ఉంటుంది. తుప్పును ఆపే బాధ్యత దాని కింద ఎన్నో రెట్లు మందంగా ఉన్న నికెల్‌ది. రిమ్ముకు క్రోమియం వేసి, నడిమి భాగానికి రంగు పూసి, రెండింటి హద్దు మీద సన్నని గీత గీయడం బ్రిటిష్ మోటారుసైకిళ్లలో సాధారణ అలంకరణ.

కొరియా యుద్ధకాలంలో, 1951–52 ప్రాంతంలో, నికెల్ కొరత వలన బ్రిటిష్ తయారీదారులు క్రోమియం వాడకాన్ని తగ్గించి రిమ్ములకు రంగు వేయవలసి వచ్చింది. నేడు ఆ సంవత్సరాల బండి ఒకటి దొరికితే యజమాని మొదట చేసే పని రిమ్ములకు క్రోమియం వేయించడం. ఫలితంగా ఆ బండి తాను పుట్టినప్పుడు ఎన్నడూ లేనంతగా మెరుస్తుంది. ఒక యుద్ధం, ఒక లోహపు కొరత, ఒక పరిశ్రమ సర్దుబాటు అనే మూడు విషయాలను చెప్పగల ఆధారం ఒక్క పూటలో ఆమ్లపు తొట్టిలో కరిగిపోతుంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత మిగులుగా వేలం వేసిన సైనిక వాహనాల సంగతీ ఇంతే. వాటి రిమ్ములపై సైనిక వర్ణం, దాని మీద పౌర యజమాని వేయించిన రంగు, దాని మీద మరో రంగు పొరలుగా నిలుస్తాయి. తవ్వకపు గుంటలో మట్టిపొరలను చదివినట్లు వీటిని చదవవచ్చు. ఒక చిన్న చోట ఒక్కో పొరనూ మెట్లుగా గీకి చూస్తే చాలు. మొత్తం గీకవలసిన పని లేదు.

పూతకు ముందు రిమ్మును సానపట్టడంలో మరో నష్టం ఉంది. తుప్పు గుంటలు పోయేవరకు లోహాన్ని అరగదీస్తారు. వాల్వు రంధ్రానికి దగ్గరలో తయారీదారు పేరు, సైజు ముద్రలు, కొన్ని రిమ్ములపై తేదీ కూడా పొడిచి ఉంటాయి. డబ్ల్యు.ఎం.2 అనే ముద్ర అంచుల నడుమ 1.85 అంగుళాల వెడల్పును సూచిస్తుంది. ఇంగ్లండు నుండి పెట్టెలో వచ్చిన రిమ్మా, ఇక్కడ చేసిన రిమ్మా, తరువాత మార్చిన రిమ్మా అనేది నిర్ణయించడానికి ఈ ముద్రలు ముఖ్యాధారాలు. సాన చక్రం వాటిని తుడిచివేస్తుంది. పౌడరు పూత ముద్రలను కప్పివేస్తుంది. అంతే కాక నిప్పిల్ కూర్చునే గుంటలలో మందంగా పేరుకొని, చువ్వ బిగువు నిలవకుండా చేస్తుంది.

చువ్వల పూత సంగతి మరీ సున్నితమైనది. గట్టి ఉక్కును ఆమ్లంలో కడిగి పూత వేసినప్పుడు ఉదజని లోహంలోకి చొరబడి దానిని పెళుసుబరుస్తుంది. పూత వేసిన వెంటనే సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఉదజని వెలుపలికి పోతుంది. ఈ దశను వదిలివేసిన చువ్వ చూడటానికి అద్దంలా ఉంటుంది. బిగించిన కొద్ది రోజులకే హెచ్చరిక లేకుండా తెగవచ్చు. పూత పని చేసేవారి ఆరోగ్యం కూడా మరవరానిది. కాడ్మియం, పూత తొట్టెలలోని షడ్విలువల క్రోమియం రెండూ విషపదార్థాలే. పాతదనపు నిజరూపం కోసం కాడ్మియమే కావాలని పట్టుబట్టడం సమర్థనీయం కాదు. జింకు పూత దాదాపు అదే రూపాన్నిస్తుంది.

ఇక్కడ ఒక నిజమైన వైరుధ్యం ఉంది, దానిని దాచిపెట్టరాదు. రాగిరేకునో తాళపత్రాన్నో ఉన్నది ఉన్నట్లు భద్రపరిచే నియమాన్ని చక్రానికి యథాతథంగా వర్తింపజేయలేము. గుంటలు పడిన రిమ్ము మీద, అలసిన చువ్వల మీద మనిషి కూర్చుని వెళ్లరాదు. అంతర్జాతీయ పాతవాహనాల సమాఖ్య 2012లో టురిన్‌లో ఆమోదించిన పత్రం, స్మారక కట్టడాలకు సంబంధించిన 1964 వెనిస్ పత్రాన్ని అనుసరించి, పరిరక్షణకూ పునరుద్ధరణకూ భేదం చూపింది. జరిగిన జోక్యాన్ని నమోదు చేయాలని కోరింది. కట్టడం కదలదు, వాహనం కదలాలి. ఈ ఒక్క తేడా వలన చక్రం విషయంలో పత్రం చెప్పినదాని కంటే చెప్పకుండా పనివానికి వదిలినదే ఎక్కువ.

చట్టం చూడని భాగం

2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు పాతవాహనాలుగా వి.ఎ. అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇచ్చే ఏర్పాటు చేశారు. వాహనం మూలరూపంలో నిలిచి ఉండాలనీ, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగిన మార్పులు జరిగి ఉండరాదనీ నిబంధన. ఈ జాబితాలో చక్రం లేదు. ఒక విధంగా ఇది వివేకవంతమే. చక్రాన్ని మార్చరాదని చట్టం చేస్తే బండ్లు తిరగవు. కాని చట్టం పేర్కొనని భాగాన్ని సేకర్తలూ నమోదు చేయరు. మిళిందుడు వచ్చిన రథంలో చక్రం రథమా, ఇరుసు రథమా అని నాగసేనుడు అడిగిన ప్రశ్నకు మన రిజిస్ట్రేషను కార్యాలయం సూటిగా సమాధానం చెప్పింది. ఇంజనూ ఛాసిసూ రథం, చక్రం కాదు.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. కొత్త రిమ్ము వేసి నడుపుకొంటూనే పాత రిమ్మును, దానితో పాటు ప్రతి రకం చువ్వకు ఒకటి చొప్పున, నూనె రాసి చీటీ కట్టి ఉంచవచ్చు. కొలతలు, అల్లిక, పూతల పొరలు, మార్చిన తేదీ, కట్టిన పనివాని పేరు ఒక కాగితం మీద ఉండాలి. ఈ చివరి అంశం అన్నింటికంటే అరుదు. ఇంజను బాగుచేసినవారి పేర్లు సేకర్తల నోళ్లలో వినిపిస్తాయిగాని, చక్రం కట్టినవాని పేరు చాలాసార్లు యజమానికే తెలియదు.

తెలుగు పరిశోధకులు ఈ విషయంలో చేయగల పని మరొకటి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను, 1971 నాటి సంపుటం చేనేత పదాలను జిల్లాల వారీగా సేకరించింది. బండిచక్రపు మాటలు చెప్పగలవారు కరువవుతున్న కాలంలోనే, తీగచక్రపు మాటలు చెప్పగలవారూ తగ్గుతున్నారు. పోతచక్రాల మోటారుసైకిళ్లు వచ్చాక బెండు తీసే పని పలచబడింది. చువ్వ, పుల్ల, నిప్పిల్, బెండు వంటి మాటలు ఏ ప్రాంతంలో ఏ అర్థంలో వాడుకలో ఉన్నాయి, వదులైన చువ్వ మోతను ఏమంటారు, తల లోపలున్న చువ్వకూ వెలుపలున్న చువ్వకూ వేర్వేరు పేర్లున్నాయా అనే ప్రశ్నలను నేరుగా దుకాణాలలో కూర్చుని అడగవలసి ఉంది. అడిగేవారు వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు కూడా వెంట తీసుకొనిపోతే మంచిది. దుకాణం మూలన తూకానికి సిద్ధంగా ఉన్న పాత రిమ్ములపై, వాల్వు రంధ్రం పక్కనున్న ముద్రలను రుద్ది తీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.